ఒక స్కూల్ టీచర్, రెండు ఆసియా బంగారు పతకాలు



పోయిన నెల తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో పిల్లలను ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు మాట్లాడమన్నాను. అంశం ‘నాకు నచ్చిన వ్యక్తి’. అబ్దుల్ కలాం గారు ఎనిమిది సార్లు వచ్చారు. ధోనీ వచ్చాడు, పీవీ సింధు వచ్చింది, సినిమా హీరోలు సరేసరి. ఒక అబ్బాయి మాత్రం లేచి ‘నిక్ సేబన్’ అన్నాడు. నాతో సహా క్లాసులో ఎవరికీ ఆ పేరు తెలియదు.

వాళ్ల మేనమామ అమెరికాలో ఉంటాడట. ఆయన దగ్గర విన్నవన్నీ గడగడా చెప్పాడు. నిక్ సేబన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్. మొత్తం 7 జాతీయ టైటిళ్లు గెలిపించాడు. అందులో 6 అలబామా యూనివర్సిటీకే. 2024 జనవరిలో రిటైర్ అయ్యాడు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లందరిలోకీ ఎక్కువ జీతం గవర్నర్‌ది కాదు, యూనివర్సిటీ కోచ్‌ది అని చెప్పేసరికి క్లాసంతా నోరు తెరిచింది. (వాళ్ల ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు లెండి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట అది. దానికి ఫుట్‌బాల్ అని ఎందుకు పేరు పెట్టారని పిల్లలు అడిగితే నేను మాట మార్చాను.)

వెనక బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. “మనకు అట్లాంటి కోచ్ ఎవరూ లేరా మేడమ్?” అంది. పుల్లెల గోపీచంద్ గారు ఉన్నారు కదా అన్నాను. 2012లో సైనాకు కాంస్యం, 2016లో సింధుకు రజతం, రెండు ఒలింపిక్ పతకాలూ ఆయన అకాడమీ నుంచి వచ్చినవే అని చెప్పాను. “అది బ్యాడ్మింటన్ మేడమ్. ఫుట్‌బాల్‌లో ఎవరున్నారు?” అంది. అంతలో బెల్లు కొట్టారు.

ఫుట్‌బాల్‌లోనూ ఉన్నారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. మన హైదరాబాద్ వారు. అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ అనే హిందీ సినిమా 2024లో వచ్చింది, అది ఆయన కథే. సినిమా చూసినప్పుడు నేను కూడా పాటలు, గోల్స్ చూసి ఊరుకున్నాను. ఈ అమ్మాయి అడిగాక కూర్చుని చదివితే అసలు సంగతి తెలిసింది. దేశానికి రెండు ఆసియా బంగారు పతకాలు తెచ్చిన ఆ కోచ్ మొదట ఒక స్కూల్ టీచర్.

ఈ వ్యాసం ఇప్పుడే రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాచకుండా చెప్తాను. ఈ టర్మ్‌లో నా సెక్షన్‌లో ఏడుగురు పిల్లల డైరీల్లో తల్లిదండ్రులు ఒకే రకం మాట రాసి పంపారు. మావాడికి ఆటల పీరియడ్ వద్దు, ఆ టైంలో మ్యాథ్స్ గానీ ఫౌండేషన్ మెటీరియల్ గానీ చేయించండి అని. జమ్మలమడుగు, పులివెందుల క్యాంపస్‌లలో టీచర్లను అడిగితే అక్కడా ఇదే మాట అన్నారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నన్ను సూటిగా అడిగారు: “ఆటలాడేదానికేనా మేడమ్ మేము ఫీజు కట్టేది?” ఆ పూట నా దగ్గర సరైన జవాబు లేదు. ఎందుకంటే పరీక్షల ముందు సిలబస్ మిగిలిపోయిందని పీఈటీ సార్‌ను బతిమాలి ఆటల పీరియడ్ తీసుకున్నది నేనే, ఒకసారి కాదు, నాలుగు సార్లు.

అందుకని ఈ నెల నా పేజీలో రహీమ్ గారి గురించి వివరంగా రాస్తున్నాను. చదివాక మీ అభిప్రాయం మీరు చెప్పండి.

రహీమ్ గారు 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, అక్కడే ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ అయ్యాక కాచిగూడ, చాదర్‌ఘాట్ వైపు స్కూళ్లలో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి స్కూల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. అంటే మన పీఈటీ సార్ చేసే పనే. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత ఆయనదే.

టీచర్ కోచ్ అయితే ఏం చేస్తాడో ఆయన నడిపిన టోర్నమెంట్లు చూస్తే తెలుస్తుంది. నాకు అన్నింటికంటే నచ్చిన భాగం ఇదే కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

ఫుట్‌బాల్‌లో మనకు కంటికి బాగా కనిపించేది డ్రిబ్లింగ్. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ, ఇద్దరు ముగ్గురిని తప్పించుకుంటూ వెళ్లడం. చూసేవాళ్లు ఈలలు వేస్తారు. కానీ ఒక్కడే బంతిని పట్టుకుని తిరిగితే మిగతా పదిమందీ నిలబడి చూడాల్సిందే. రహీమ్ గారు హైదరాబాద్‌లో కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టారు. బంతి వచ్చిందా, ఆపు, తోటివాడికి ఇవ్వు, అంతే. తన దగ్గరే పెట్టుకోకూడదు. మొదట్లో కుర్రాళ్లకు ఇది శిక్షలా అనిపించి ఉంటుంది. కానీ ఇలా ఆడాలంటే బంతి రాకముందే తలెత్తి చూడాలి, ఎవడు ఎక్కడ ఖాళీగా ఉన్నాడో ముందే తెలిసి ఉండాలి. అంటే కాలికంటే ముందు కంటికీ బుర్రకీ పని.

ఇంకొకటి, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు. చాలామందికి కుడికాలే బలం. కుడికాలితో బాగా తన్నేవాడు ఎడమవైపు బంతి వచ్చినా తిరిగి కుడికాలి మీదికే తెచ్చుకుంటాడు. ఆ తిరిగే లోపల ఎదుటివాడు వచ్చి లాక్కుంటాడు. అందుకని రాని కాలితోనే ఆడమన్నారు. ఆ పోటీలో పేరున్న ఆటగాడు, నిన్న మొన్న వచ్చిన కుర్రాడు ఇద్దరూ ఒక్కటే. ఇద్దరూ తడబడాల్సిందే.

ఇది చదివి మన ప్రొద్దుటూరు క్యాంపస్ పీఈటీ సార్‌కు చెప్పాను. సార్ నవ్వి, వెంటనే మర్నాడు తొమ్మిదో తరగతికి పెట్టేశారు. అందరూ ఎడమకాలితోనే తన్నాలి. ఆ పదిహేను నిమిషాలు మీరు చూసి ఉండాల్సింది. ఎప్పుడూ గోల్స్ కొట్టే అబ్బాయి బంతిని వదిలేసి గాలిని తన్ని కూర్చున్నాడు. క్లాస్ ఫస్ట్ వచ్చే అబ్బాయి, ఎప్పుడూ గోడ దగ్గర నిలబడేవాడు, వాడూ అంతే. తేడా ఏమంటే వీడికి తడబడడం కొత్త. పడి లేచి, చుట్టూ చూసి, తనతో పాటు అందరూ పడుతున్నారని తెలిశాక నవ్వాడు. ఒక్క అమ్మాయి మాత్రం రెండు గోల్స్ కొట్టేసింది. ఆ అమ్మాయిది పుట్టుకతోనే ఎడమచేతి వాటం, ఎడమకాలి వాటం. మగపిల్లలంతా “ఇది మోసం సార్!” అని గొడవ. సరే, నువ్వు కుడికాలితో ఆడు అన్నారు సార్. అప్పుడు ఆ పిల్ల కూడా గాలిని తన్నింది. లెక్క సరిపోయింది.

ఆ మర్నాడు నా ఇంగ్లిష్ క్లాసులో అదే పద్ధతి పెట్టాను. చక్కగా రాసే పిల్లలు నోరు విప్పరు. గలగలా మాట్లాడే పిల్లలు రాయమంటే స్పెల్లింగులన్నీ తప్పే. కాబట్టి ఒక వారంపాటు రాసేవాళ్లు మాట్లాడాలి, మాట్లాడేవాళ్లు రాయాలి. మీ పిల్లలు ఇంట్లో “మేడమ్ ఎడమకాలి హోంవర్క్ ఇచ్చింది” అని ఉంటే కంగారు పడకండి, అది ఇదే.

రహీమ్ గారి గెలుపుల లెక్క 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో మొదలవుతుంది. ఆ జట్టు ఆ ఏడు ఢిల్లీలో డ్యూరాండ్ కప్ గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు గెలిచింది. అప్పటిదాకా భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనేవాళ్లు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి జట్లు ఉన్న రోజుల్లో దక్కను నుంచి పోలీసుల జట్టు వచ్చి కప్పులు పట్టుకుపోయేది.

1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. భారత జట్టుకు కోచ్ రహీమ్ గారు, కెప్టెన్ శైలేన్ మన్నా. ఫైనల్లో సాహు మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో ఇరాన్ మీద 1-0తో గెలిచి బంగారు పతకం తీసుకున్నారు. బంగారం గురించి ప్రొద్దుటూరు వాళ్లకు చెప్పేంత దాన్ని కాను గానీ, నిప్పులో పెట్టకుండా దాని నాణ్యం తెలియదని మా వీధిలో కంసాలి కూడా అంటాడు. ఆ నిప్పు ఏడాది తర్వాత వచ్చింది.

1952, హెల్సింకీ ఒలింపిక్స్. భారత్ ఆడింది ఒక్కటే మ్యాచ్, యుగొస్లావియాతో. స్కోరు 10-1. మనది ఆ ఒకటి.

అది చలి దేశం. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. బూట్లు కొనలేక కాదు, వాళ్లకు అలవాటే అది. ఉత్త కాళ్లతో ఆడితేనే బంతి మాట వింటుందని నమ్మేవాళ్లు. మన ఎండలో, మన నేల మీద అది నిజమే కావచ్చు. కడప బండల మీద ఉత్త కాళ్లతో ఆడే పిల్లలను నేనూ చూశాను. కానీ అక్కడి తడి గడ్డి మీద, మేకుల బూట్లు వేసుకున్న యూరప్ ఆటగాళ్ల ముందు ఆ నమ్మకం నిలబడలేదు. ఆ ఓటమి తర్వాతే దేశంలో బూట్లు వేసుకుని ఆడడం తప్పనిసరి చేశారు.

మనలో ఎవరి పిల్లలైనా పదికి ఒకటి తెచ్చుకుంటే ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఆ సాయంత్రం అన్నం దగ్గర ఎవరూ మాట్లాడరు. మర్నాడు ట్యూషన్ మారుస్తారు. రహీమ్ గారు చేసిన పని అది కాదు. గెలిచినవాళ్లు ఎందుకు గెలిచారో చూశారు.

ఇక్కడ ఆట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. క్రికెట్‌లో ఫీల్డింగ్ సెట్ చేయడం మీకు తెలుసు. బ్యాట్స్‌మన్‌ను బట్టి ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో కెప్టెన్ చూసుకుంటాడు. ఫుట్‌బాల్‌లోనూ అంతే. గోల్‌కీపర్ కాక మిగిలిన పదిమందిని ఎలా నిలబెట్టాలి అన్నదే అసలు ప్రశ్న. పాత పద్ధతిలో వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు. మన జట్లు చాలాకాలం ఇలాగే ఆడాయి. గోల్స్ కొట్టేవాళ్లు ఎక్కువ, కాపలా కాసేవాళ్లు తక్కువ. ఎదుటి జట్టు వేగంగా వస్తే వెనక ఉన్న ఆ ఇద్దరి వల్ల ఏమవుతుంది? హెల్సింకీలో అదే తేలింది. రహీమ్ గారు మధ్యలోంచి ఒకరిని వెనక్కి దించి ముగ్గురు బ్యాక్‌ల పద్ధతి తెచ్చారు.

అదే 1952 ఒలింపిక్స్‌లో బంగారం గెలిచింది హంగరీ. మరుసటి ఏడు నవంబరులో వాళ్లు లండన్‌లో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడిస్తే ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. వాళ్ల కిటుకు ఏమిటంటే, అందరికంటే ముందు ఉండాల్సిన సెంటర్ ఫార్వర్డ్ కొంచెం వెనక్కి వచ్చి ఆడతాడు. అతన్ని కాపలా కాయాల్సిన డిఫెండర్‌కు అతని వెంట పోవాలో, తన చోటే ఉండాలో అర్థం కాదు. రెండూ తప్పే అవుతాయి. రహీమ్ గారు ఈ పాఠాన్ని మన జట్టుకు నేర్పారు. 1956లో ఆ స్థానంలో నెవిల్ డిసౌజాను ఆడించారు.

ఆ ఏడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియా మీద భారత్ 4-2తో గెలిచింది. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు మనది. ఇది చదివినప్పుడు నేను రెండోసారి చదువుకున్నాను. మనమా, ఫుట్‌బాల్‌లోనా అని.

సెమీస్‌లో ఎదురైంది ఎవరో తెలుసా? మళ్లీ యుగొస్లావియా. నాలుగేళ్ల కింద 10 గోల్స్ వేసిన జట్టే. మొదటి సగం అయ్యేసరికి ఇద్దరికీ సున్నా. రెండో సగంలో ముందు గోల్ కొట్టింది మనవాళ్లు. నెవిలే కొట్టాడు. కాసేపు భారత్ 1-0 ముందంజలో ఉంది. ఆ తర్వాత యుగొస్లావియా తేరుకుని 4-1తో గెలిచింది. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3తో ఓడిపోయాం. నాలుగో స్థానం. పతకం లేదు. రికార్డు పుస్తకంలో 10-1 ఒక ఓటమి, 4-1 ఇంకో ఓటమి. ప్రోగ్రెస్ కార్డు మీద రెండూ ఎర్ర సిరానే. కానీ ఆ రెండు ఎర్ర గీతల మధ్య ఎంత దూరం ఉందో టీచర్‌గా నాకు తెలుసు. మొదటి టర్మ్‌లో 12, రెండో టర్మ్‌లో 29 తెచ్చుకున్న పిల్లవాడిని “ఇంకా ఫెయిలే కదా” అన్నప్పుడు వాడి ముఖం నేను చూశాను. అన్నది ఎవరన్నది అనవసరం, నేను కూడా ఒకసారి అన్నాను.

ముందు నలుగురు, మధ్యలో ఇద్దరు, వెనక నలుగురు ఉండే 4-2-4 పద్ధతిని 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ అందరికీ చూపించింది. మన దేశంలో దాన్ని తొలినాళ్లలోనే పట్టుకున్న కోచ్‌గా రహీమ్ గారి పేరే చెబుతారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. హంగరీతో 1-2, పెరూతో 1-3. ఫ్రాన్స్‌తో మాత్రం 1-1 డ్రా. గ్రూపు దాటలేదు.

ఆ జట్టులో తులసీదాస్ బలరామ్ గురించి ఒక్క మాట చెప్పాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు. హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టింది అతనే. పేద ఇల్లు. రహీమ్ గారు అతని ఆట చూసి హైదరాబాద్‌లో ప్రాక్టీస్‌కు రమ్మంటే, రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడట. అద్దె సైకిల్‌కు డబ్బు రహీమ్ గారే ఇచ్చారని బలరామ్ గారు పెద్దయ్యాక చెప్పుకునేవారు. ఆయన 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఒక టీచర్ ఒక పిల్లవాడికి సైకిల్ అద్దె ఇవ్వడం ఏ రికార్డులోనూ ఎక్కదు. బలరామ్ గోల్స్ ఎక్కాయి.

ఇక 1962. జకార్తాలో నాలుగో ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయిలాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0 గెలుపు. థాయిలాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు జ్వరం. మైదానం బయట ఇంకో తలనొప్పి. ఆతిథ్య ఇండోనేషియా ఈ క్రీడలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వలేదు. దాన్ని మన దేశపు క్రీడా పెద్ద జీడీ సోంధీ తప్పుపట్టారు. దాంతో అక్కడి జనానికి మన జట్టు మీద కోపం. మన ఆటగాళ్లు బస్సులో కిటికీలకు కనిపించకుండా కింద కూర్చుని ప్రయాణం చేయాల్సి వచ్చింది.

సెమీస్‌కు రహీమ్ గారు చేసిన మార్పు చూడండి. తలకు కుట్లున్న జర్నైల్ సింగ్‌ను పక్కన కూర్చోబెట్టలేదు. డిఫెన్స్ నుంచి తీసి ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. వినడానికి పిచ్చిపనే. మ్యాథ్స్ టీచర్‌ను తెలుగు క్లాసుకు పంపినట్లు. కానీ జర్నైల్ పొడగరి, బలమైనవాడు, కుర్రప్పుడు ఫార్వర్డ్‌గా ఆడిన అలవాటు ఉన్నవాడు. ఆ సంగతి కోచ్‌కు తెలుసు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో జర్నైల్ కూడా గోల్ కొట్టాడు. కెప్టెన్ చునీ గోస్వామి రెండు కొట్టాడు.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మొదటి మ్యాచ్‌లో ఓడించిన దక్షిణ కొరియా. సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్షమంది, చాలావరకు మనకు వ్యతిరేకంగా కేకలు. మనకోసం చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నారు? పాకిస్తాన్ హాకీ జట్టు. కొరియావాళ్లు బంతిని గాల్లో వేసి ఆడతారని, పొడవైన తంగరాజ్‌నే మళ్లీ గోల్‌లో నిలబెట్టారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ ఇంకొకటి. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1. రెండో బంగారం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ బంగారం రాలేదు. 1970లో వచ్చిన కాంస్యమే ఆ తర్వాతి పతకం. అప్పటి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాద్ కుర్రాడే.

జకార్తాలో రహీమ్ గారికి ఒంట్లో బాగాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. ఫైనల్ ముందు రోజు ఆటగాళ్లను పిలిచి, రేపు నాకొక కానుక ఇవ్వండి అని మాత్రం అడిగారని ఆ జట్టువాళ్లు తర్వాత చెప్పారు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న ఆయన చనిపోయారు. వయసు 53. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది 1985లో. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 ఒలింపిక్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. ఆయనకు 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. తండ్రి పేరు మాత్రం చాలాకాలం హైదరాబాద్ పాత ఫుట్‌బాల్ అభిమానుల నోళ్లలోనే మిగిలింది. సినిమా వచ్చేదాకా నాకే తెలియదంటే, ఇంక మా క్లాసు పిల్లలను అనడానికేముంది.

ఇప్పుడు డైరీల సంగతికి వస్తాను. ఆటలు ఆడితే మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. అలా చెప్తే మీరు నమ్మరు కూడా. రహీమ్ గారి కుర్రాళ్లలో చాలామందికి ఆట వల్ల పోలీసు శాఖలోనో రైల్వేలోనో ఉద్యోగం వచ్చింది. ఆ రోజులు వేరు. ఇప్పుడు స్పోర్ట్స్ కోటా సీట్లు చాలా కొద్ది. మన పిల్లలందరికీ వాటి ఆశ చూపించడం నిజాయితీ కాదు. ఆసక్తి గట్టిగా ఉన్న పిల్లలకు కడపలో స్పోర్ట్స్ స్కూల్ ఉంది, పక్కన అనంతపురంలో ఆర్డీటీ వాళ్లు పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నారు. మీలో ఎవరికైనా వివరాలు కావాలంటే పీఈటీ సార్‌ను అడగండి.

నేను చెప్పేది చిన్న సంగతి. వారంలో ఉన్నవి రెండు ఆటల పీరియడ్లు. మిగతా పీరియడ్లన్నీ పిల్లలకు వచ్చిన కాలితో ఆడించేవే. బాగా చదివేవాడు బాగా చదువుతూనే ఉంటాడు, రానివాడు రానట్లే మిగిలిపోతాడు. క్లాస్ ఫస్ట్ అబ్బాయి పడి, లేచి, నవ్వడం నేను చూసింది ఆ మైదానంలోనే. ఆ అబ్బాయి సెప్టెంబరు యూనిట్ టెస్ట్‌లో మూడు మార్కులు తగ్గినందుకు రెండు రోజులు స్కూలుకు రాలేదు. వాళ్ల డైరీలో కూడా ఆటలు వద్దనే రాసి ఉంది.

ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. పరీక్షల ముందు వారం తప్ప ఆటల పీరియడ్‌ను ఏ సబ్జెక్ట్ టీచరూ తీసుకోకూడదని అనుకున్నాం. నా సంతకం ఆ కాగితం మీద మొదటిది, ఎందుకో మీకు ముందే చెప్పాను. డైరీలో రాసిన ఏడుగురు తల్లిదండ్రులకూ నేనే ఫోన్ చేస్తాను. వాదించడానికి కాదు, ముందు మీ మాట వినడానికి.

ఈ నెల నాలుగో శనివారం సాయంత్రం 4 గంటలకు ప్రొద్దుటూరు క్యాంపస్ మైదానంలో మూడు బ్రాంచీల తొమ్మిదో తరగతి పిల్లలకు ఫుట్‌బాల్ పెడుతున్నాం. మొదటి సగం మామూలు ఆట. రెండో సగం ఎవరికి రాని కాలితో వాళ్లు. ఎడమకాలి వాటం ఉన్నవాళ్ల పేర్లు పీఈటీ సార్ ముందే రాసుకుంటారు, కాబట్టి ఈసారి మోసం అనే మాట రాదు. జమ్మలమడుగు, పులివెందుల పిల్లలకు స్కూల్ బస్సు 2 గంటలకే బయల్దేరుతుంది. బూట్లు ఉన్నవాళ్లు తెచ్చుకోవచ్చు, లేనివాళ్లు స్కూల్ షూస్‌తో ఆడవచ్చు, ఉత్త కాళ్లతో మాత్రం వద్దు. నీళ్ల సీసా, తుండుగుడ్డ పంపండి. మీరూ వస్తే కుర్చీలు వేయిస్తాం. ఆట అయ్యాక రాని కాలితో ఒక్క పెనాల్టీ కొట్టి చూడాలనుకునే నాన్నలు, అమ్మలు చెప్పులు విప్పకుండా రండి.